కళ్ళజోడు పెట్టుకున్న గుమ్మడికాయ

నేను నడిపే వెబ్‌సైటును నేనెప్పుడూ చూడలేదు. ఈ మాట పట్నంలో, హారిస్‌బర్గ్‌లో చెబితే పగలబడి నవ్వుతారు. మా టెర్రె హిల్ పల్లె వైపు ఎవరూ నవ్వరు, చూశానంటేనే గొడవ. మా మెన్నొనైట్ క్రైస్తవ సంఘం నియమాల్లో కంప్యూటరుకు చోటు లేదు. కారుకూ లేదు, టీవీకీ లేదు. గుర్రబ్బండి ఉంది, సైకిలు ఉంది, కొట్టులో గోడకు టెలిఫోను ఉంది, దాని పక్కన కాగితాలు పంపే ఫ్యాక్సు మిషను ఉంది. పెళ్ళి చేసుకోని నాకు దానితోనే కాపురం.

నా పేరు లుసెట్టా జైసెట్. మా నాన్న పెట్టిన జీనుల కొట్టు నా చేతికొచ్చాక రక్షణ సామాను కొట్టయింది. చేతి తొడుగులు, కళ్ళజోళ్ళు, రంపం మోత వినపడకుండా పెట్టుకునే చెవి డిప్పలు, హెల్మెట్లు, రోడ్డు మీద మెరిసే చేతుల్లేని పసుపు చొక్కాలు అమ్ముతాను. మావాళ్ళు కెంటకీలో ఉన్నారు, మిస్సోరీలో ఉన్నారు. అక్కడ వాళ్ళ పొరుగువాళ్ళో, లైబ్రరీలో పనిచేసేవాళ్ళో మా పేజీ అచ్చు తీసిస్తే, అది చూసి ఫోను చేస్తారు. పేజీ ఎక్కించేది బ్రాడీ. సామాను తయారుచేసే కంపెనీలో ప్రచారం పని అతనిది. ముగ్గురు పిల్లల తండ్రి, మనసు మంచిది, చెప్పింది వినే అలవాటు మాత్రం లేదు. నేను పెన్సిలుతో రాసి ఫ్యాక్సు చేస్తాను. అతను ఎక్కించి, అదే అచ్చు తీసి మా చుట్టుపక్కల మూడు వందల ఇళ్ళకు పోస్టులో పంపుతాడు.

మొదట్లోనే ఒక పేచీ వచ్చింది. ఆదివారం వెబ్‌సైటు మూసెయ్యమన్నాను.

“ఇంటర్నెట్టుకు ఆదివారం ఏంటి లుసెట్టా గారూ? అదేమన్నా మనిషా, అలిసిపోవడానికి?”

“అది కాదు, నేను మనిషిని. నేనిక్కడ ప్రార్థనలో కూర్చుంటే అక్కడ నా కొట్టు బేరాలాడుతూ ఉంటుందా?”

“మీరెలాగూ చూడరు కదండీ!”

“చూడకపోతే తప్పు కాదని మీ అమ్మ నేర్పిందా నాయనా?”

ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. ఆదివారం ఎవరైనా తెరిస్తే, ఈ రోజు సెలవు, రేపు రండి అని కనిపిస్తుందట.

ఇంత తంటాలు పడి ఇంటర్నెట్టులో ఎందుకు అమ్ముతున్నావు అని అడిగేవాళ్ళున్నారు. బతకడానికే. కానీ పోయిన అక్టోబరు నుంచి ఆ పసుపు చొక్కా విషయంలో మాత్రం నాకు వేరే ఆత్రం పట్టుకుంది. దానికి కారణం రూతాన్.

రూతాన్ పక్కింట్లో ఉండే మా అన్న కూతురు, పంతొమ్మిదేళ్ళది. మైలు దూరంలో మా పిల్లల ఒంటిగది బడిలో పాఠాలు చెబుతుంది. పిల్లలకన్నా గంట ముందు వెళ్ళి పొయ్యి రాజెయ్యాలని పొద్దున్నే సైకిలెక్కుతుంది. నల్ల కోటు, తలకు కట్టుకునే నల్ల బోనెట్టు, నల్ల సైకిలు. ఆ రోజు పొగమంచు. రెండు వైపులా మొక్కజొన్న మనిషెత్తున ఉంది. వెనక నుంచి వచ్చిన పికప్పు ట్రక్కుకు ఆఖరి క్షణంలో గానీ పిల్ల కనబడలేదు. నడుపుతున్నతను బండిని చేలోకి తిప్పేశాడు. పక్క అద్దం రూతాన్ చేతికి రాసుకుపోయింది, పిల్ల గుంటలో పడింది. మోచేతులు రెండూ గీరుకుపోయాయి, అంతే.

సాయంత్రం వచ్చి ఈ సంగతంతా నవ్వుతూ చెప్పింది. “పాపం ఆ అబ్బాయి అత్తా! ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మట్టిలో కూలబడి ఒకటే ఏడుపు. చేతులు చూస్తే గడగడ వణుకుతున్నాయి. నా డబ్బాలో బెల్లప్పాకంతో చేసిన షూఫ్లై పై ముక్క ఉంటే ఇచ్చాను, తినవయ్యా, తీపి తగిలితే వణుకు తగ్గుతుందని.”

దానితో పాటు అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున వంటింటి కిటికీ దగ్గర నిలబడతాను. మా సందు దాటేదాకా కనిపిస్తుంది, తర్వాత పొగమంచు మింగేస్తుంది. బడి గంట గాలివాటున మా ఇంటికి వినబడుతుంది. అది మోగితే పిల్ల చేరినట్టు. అప్పుడు గానీ నాకు కాఫీ గొంతు దిగదు.

“ఆ పసుపు చొక్కా వేసుకోవే, నీకు దణ్ణం పెడతాను” అంటే వినదు.

“సంఘంలో ఒక్కరన్నా వేసుకున్నారా అత్తా? మా బళ్ళో ఒక పిల్ల జడకు ఎర్ర రిబ్బను కట్టుకొస్తే నేనే విప్పించాను. ఇప్పుడు నేను మిలమిలలాడుతూ వెళ్తే వాళ్ళేమనుకుంటారు?”

దానిదీ తప్పు కాదు. మాలో ఆ చొక్కా వేసుకోవద్దని ఎవరూ అనలేదు, వేసుకోమనీ అనలేదు. ఎవరూ అననిదాన్ని టీచరమ్మ అందరికన్నా ముందుగా ఎలా వేసుకుంటుంది? పెద్దల్లో ఒక్కరు మొదలుపెడితే చాలు. ఆ ఒక్కరి కోసం నేను ఏడాదిగా కాచుకున్నాను.

ఈలోగా బ్రాడీ నా కొంప ముంచాడు. సెప్టెంబరులో నన్నడక్కుండా పేజీకి కొత్త హంగులు చేసి, అచ్చు తీసి ఇళ్ళకు పంపేశాడు. నా కాపీ విప్పి చూసి కుర్చీలో కూలబడ్డాను. గడ్డి టోపీ పెట్టుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న మగాడు, ఒంటి మీద నా పసుపు చొక్కా, మూతి మీద గుబురు మీసం! మావాళ్ళు మీసం పెంచడం మానేసి వందల ఏళ్ళయింది. అది సైనికుల షోకని తాతముత్తాతలు వదిలేశారు. పక్కన లిప్‌స్టిక్ పూసుకున్న ఒక అమ్మాయి, బోనెట్టు తాడు గడ్డం కింద పెద్ద పువ్వులా ముడేసుకుని. పైన లావు అక్షరాలు: “సాదాసీదా జనం మెచ్చిన నంబర్ వన్ చొక్కా!”

మధ్యాహ్నానికి ఫోను మోగడం మొదలైంది. “ఏం లుసెట్టా, ఎవరా మీసాలాయన? నీకేమన్నా సంబంధం కుదిరిందా?” అని ఒకామె. “ఆ పిల్లకు బోనెట్టు కట్టుకోవడం నేర్పడానికి తల్లి లేదా?” అని ఇంకొకామె. సాయంత్రానికి ఆ చొక్కాకు మీసాలాయన చొక్కా అని పేరు స్థిరపడిపోయింది. రూతాన్ వచ్చి, “ఇహ చచ్చినా వేసుకోను” అంది.

బ్రాడీకి ఫోను చేసి కడిగేశాను.

“మనిషి బొమ్మ లేకుండా చొక్కా ఎలా అమ్ముతారండీ?” అన్నాడు.

“మనిషి లేకుండానే అమ్ము. మేము ముఖాలకు ఫొటోలు తీయించుకోం. అద్దెకు తెచ్చిన ముఖాలకు మా బట్టలు తొడిగితే ఇంకా కడుపు మండుతుంది.”

“సరే, తీసేస్తాను. నంబర్ వన్ అన్నది ఉంచనా?”

“ఎవరు లెక్కపెట్టారు?”

“ఎవరూ లెక్కపెట్టరండీ, ఊరికే అంటారు.”

“అయితే మనం అనొద్దు.”

శనివారం మా సంఘం పెద్ద, డీకన్ టైటస్ న్యూస్వాంగర్ సైకిలు మీద వచ్చాడు. మా సంఘంలో ఎవరిదన్నా కాలు జారితే ముందు వచ్చేది ఆయనే. పొడుగాటి మనిషి, అంతకన్నా పొడుగాటి మెడ, గుండ్రటి కళ్ళజోడు. చెక్క కోసే పని ఆయనది. నా దగ్గర కొన్న చెవి డిప్పలు పొద్దస్తమానం తల మీదే ఉంటాయి, ఇంటికెళ్ళినా తియ్యడం మర్చిపోతాడని వాళ్ళావిడ మినర్వా నవ్వుతుంది. ఆ రోజూ అవి మెడలో వేలాడుతున్నాయి.

ఆయన కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. చొక్కాను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మీసం సంగతి వదిలెయ్ లుసెట్టా. అది నీ తప్పు కాదని నాకు తెలుసు. నాకర్థం కానిది ఒకటుంది. మన బట్టలున్నది ఎవరి కంటా పడకుండా ఉండటానికి. ఈ చొక్కా ఉన్నదే కంట పడటానికి. ఈ రెండింటికీ ఎలా పొసుగుతుందో నువ్వే చెప్పు.”

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

“ప్రభు భోజనానికి ముందు సమాధాన సభ ఉంది కదా, ఇంకో నెలలో. ఈలోగా ఆ పేజీ ఒక దారికి తెచ్చుకో. లేకపోతే మానుకో” అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మానుకుంటే చొక్కా కథ అక్కడితో సరి. అక్టోబరు వస్తోంది, పొగమంచు వస్తోంది.

వారం తిరక్కుండా బ్రాడీ కెమెరా తీసుకుని తనే వచ్చాడు. ముఖం చిన్నబుచ్చుకుని ఉన్నాడు. మెడో టీ అనే మా పుదీనా టీ ఇచ్చి, పెరట్లోకి తీసుకెళ్ళాను. చేతి తొడుగులు కంచె గుంజలకు తొడిగాం. హెల్మెట్టు క్యాబేజీకి పెట్టాం. పసుపు చొక్కా దండేనికి వేశాం. కళ్ళజోడుకూ చెవి డిప్పలకూ ఏం పెట్టాలా అని చూస్తుంటే మెడ గుమ్మడికాయలు కనబడ్డాయి. మా వైపు పండే రకం, పైకి మూరెడు మెడ, కిందికి గుండ్రటి బుర్ర. ఒకదాన్ని తలకిందులు చేసి మెడ కొసను పాత పాల క్యానులో గుచ్చాం. బుర్రకు కళ్ళజోడు పెట్టి, డిప్పలు తగిలించాం.

“ఇదీ అసలు మోడలంటే!” అని బ్రాడీ గెంతులేస్తూ ఫొటోలు తీశాడు.

అతను వెళ్ళాక రాతపని పట్టుకున్నాను. సామానులో లోపం దాచి అమ్మడం నాకు చేతకాదు. “ఈ తొడుగులు తడిస్తే బిగుసుకుపోతాయి” అని రాశాను. బ్రాడీ ఫోనులో లబోదిబోమన్నాడు, “ఇలా రాస్తే ఎవరు కొంటారండీ?” అని. “పొడి పని చేసేవాళ్ళు” అన్నాను. అన్నీ రాశాను గానీ చొక్కా దగ్గర ఆగిపోయాను. డీకన్ ప్రశ్నకు జవాబు లేకుండా ఏం రాయను? పెన్సిలు చివర కొరికి కొరికి పిప్పి చేశాను.

రూతాన్ పిల్లల లెక్కల పుస్తకాలు దిద్దుకుంటూ ఎదురుగా కూర్చుంది. “ఏమైంది అత్తా, పెన్సిలు తినేస్తున్నావు?”

“నువ్వు గుంటలో పడింది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుందే.”

“నాకు నేను పడింది గుర్తు రాదు” అంది, తల ఎత్తకుండానే. “ఆ అబ్బాయే గుర్తొస్తాడు. నేను చచ్చిపోతే నాకేం, దేవుడి దగ్గరికి వెళ్ళేదాన్ని. అతను ఇంటికెళ్ళాలి కదా.”

నేను లేచి వెళ్ళి దాని తల మీద ముద్దు పెట్టుకున్నాను. అది “ఏంటత్తా, బోనెట్టు నలిగిపోతుంది!” అని విసుక్కుంది. తిరిగొచ్చి కూర్చుని ఒక్క గుక్కలో రాసేశాను:

“ఈ చొక్కా రంగు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆ సంగతి మాకూ తెలుసు. మిగతా బట్టలతో కలిపి ఉతకొద్దు. ఇది వేసుకునేవాళ్ళ కోసం కాదు, వెనక బండిలో వచ్చేవాళ్ళ కోసం. పోయిన అక్టోబరు పొగమంచులో ఒక కుర్రాడికి మా అమ్మాయి ఆఖరి క్షణంలో కనబడింది. అమ్మాయి మోచేతులు వారంలో మానాయి. ఆ కుర్రాడు ఏడుస్తూ వెళ్ళాడు. అతనికి ఇప్పుడెలా ఉందో మాకు తెలియదు.”

బ్రాడీ దీన్ని ఉన్నదున్నట్టు ఎక్కించాడు.

అచ్చు కాగితాలు గురువారం వచ్చాయి. రూతాన్ కవరు చింపి చూసింది. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. కిలకిలా నవ్వుతూ బల్ల పట్టుకుని అలాగే నేల మీదికి జారిపోయింది.

“అత్తా... టైటస్... అత్తా, అది టైటస్!”

లాక్కుని చూశాను. పెరట్లో నారింజ రంగులో ఉన్నప్పుడు అది గుమ్మడికాయే. తెలుపు నలుపుల్లోకి వచ్చేసరికి ఆ పొడుగాటి మెడ, ఆ గుండ్రటి కళ్ళజోడు, ఆ చెవి డిప్పలు, నోరుండాల్సిన చోట కాయకున్న చిన్న సొట్ట. ప్రార్థనకు ఎవరన్నా ఆలస్యంగా వస్తే ఆయన మూతి సరిగ్గా అలాగే ముడుచుకుంటుంది. ముఖాలు వద్దు ముఖాలు వద్దని ఊరంతా వినేలా అరిచి, చివరికి మూడు వందల ఇళ్ళకు డీకన్ ముఖం పంపించాను!

ఆ ఆదివారమే సమాధాన సభ. దేవుడితోనూ మనుషులతోనూ నాకు సమాధానమే, ఏ పేచీ లేదు అని ఒక్కొక్కరూ చెప్పాలి. ఆ మాట చెప్పలేనివాళ్ళు యేసు పేర రొట్టె పంచుకునే ప్రభు భోజనానికి కూర్చోరు. ఇంకొకరి నోటి ద్వారా కాకుండా, ఎవరి తప్పు వాళ్ళే వెళ్ళి ఒప్పుకోవాలి. ఉత్త చేతులతో వెళ్ళలేను. శుక్రవారం పొద్దున్నే తీపి పై ఒకటి చేసి, వేడివేడిగా గుడ్డలో చుట్టుకుని బయల్దేరాను. డీకన్ ఇంటి గేటు తీస్తుంటే అప్పుడు వెలిగింది నా బుర్రకు. పైలో ఉన్నది ఆ గుమ్మడికాయే. పాల క్యానులోది. పాడైపోతుందని కోసేశాను.

వెనక్కి తిరిగేదాన్నే, మినర్వా చూసేసింది. తలుపు దగ్గర నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఏడ్చిందేమో అనుకున్నాను. దగ్గరికెళ్తే తెలిసింది, ఆవిడ నిన్నటి నుంచీ నవ్వుతూనే ఉందట.

లోపల బల్ల దగ్గర టైటస్ కూర్చున్నాడు. ముందు ఆ కాగితం.

“టైటస్ గారూ, నన్ను క్షమించండి. కావాలని చేసింది కాదు. ఫొటో తీసేటప్పుడు నాకసలు...”

“నా మెడ ఇంత పొడుగా?” అన్నాడు.

“కొంచెం తక్కువేలే” అంది మినర్వా.

“అరవై నాలుగేళ్ళొచ్చాయి లుసెట్టా. నా ఫొటో ఈ లోకంలో ఒక్కటి లేదు. ఇప్పుడు మూడు వందలున్నాయి. అదీ కూరగాయ రూపంలో.”

నాకు నేల చీలి అందులోకి దిగిపోవాలనిపించింది. ఆయన గుడ్డ మూట వైపు చూశాడు.

“అదేంటి?”

“పై.”

“గుమ్మడికాయదా?”

“గుమ్మడికాయదే.”

“ఏ గుమ్మడికాయ?”

అబద్ధం చెప్పడం రాదు కదా. “అదే” అన్నాను.

మినర్వా ఆప్రానులో ముఖం దాచుకుంది. టైటస్ ప్లేటు లాక్కుని, ఒక ముక్క కోసుకుని తాపీగా తిన్నాడు. ఫోర్కు కింద పెట్టాడు.

“బాగుందని చెప్పాలనుంది. నన్ను నేనే పొగుడుకున్నట్టవుతుందేమో.”

ముగ్గురం నవ్వాం. నేనైతే నవ్వుతూనే ఏడ్చాను. ఆయన చెయ్యి చాపాడు, “మన మధ్య ఏ గొడవా లేదు, పో” అన్నాడు. నేను లేవబోతుంటే ఆయన వేలు కాగితం కింది భాగం మీద ఆగింది.

“ఇది రాసింది నువ్వేనా?”

“రాసింది నేను. మాట రూతాన్‌ది.”

“ఆ కుర్రాడి పేరేంటి?”

“అడగలేదండీ.”

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. “నేను ఎంతసేపూ మనవైపు నుంచే చూశాను” అన్నాడు. “అయినా చొక్కా సంగతి నేనొక్కణ్ణీ చెప్పేది కాదు.”

సభలో చొక్కా మాటే రాలేదు. నాకు సమాధానమే అని చెప్పాను, నిజంగానే చెప్పాను. తర్వాతి ఆదివారం ప్రభు భోజనమూ అయింది. రూతాన్ మాత్రం ఆ నల్ల కోటులోనే వెళ్తోంది. మధ్యలో ఒక రోజు మినర్వా కొట్టుకొచ్చి, అన్నిటికన్నా పెద్ద సైజు పసుపు చొక్కా ఒకటి తీసుకుంది.

“ఉతికితే రంగు దిగుతుందంటావా?”

“విడిగా ఉతకమని రాశాను కదా వదినా.”

“చూద్దామని” అని వెళ్ళిపోయింది. ఆవిడ దేనికి తీసుకుందో నేనడగలేదు. కొన్నవాళ్ళను ఎందుకని అడగడం మా కొట్టులో లేదు.

ప్రభు భోజనం మర్నాడు సోమవారం, చాకిరేవు రోజు. మా వైపు ప్రతి ఇంటికీ వరండా నుంచి పశువుల కొట్టం కొన దాకా కప్పీల మీద తిరిగే పొడుగాటి దండెం ఉంటుంది. సోమవారం పొద్దున రోడ్డున పోయేవాళ్ళు ఆ దండేలు చదువుకుంటూ పోతారు. ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరు నడుం నొప్పితో మూలపడ్డారు, అన్నీ తెలిసిపోతాయి. సాయంత్రం రూతాన్ బడి నుంచి నేరుగా కొట్టుకొచ్చింది.

“అత్తా, ఆ చొక్కా నా సైజుది ఒకటి ఇవ్వు.”

“ఏమే, ఏమైంది?”

“న్యూస్వాంగర్ల దండెం చూడలేదా నువ్వు? పద, చూద్దువు గాని.”

కొట్టుకు తాళం వేసి ఇద్దరం నడిచాం. దండేనికి దుప్పట్లు, ఆప్రాన్లు, మినర్వా గౌన్లు, తర్వాత టైటస్ బట్టలు వరసగా ఉన్నాయి. ఆయన ఆదివారం చొక్కాకూ నల్ల ప్యాంటుకూ మధ్య పసుపు చొక్కా రెపరెపలాడుతోంది. అర మైలు నుంచి కనబడుతోంది. రంగు దిగుతుందేమో చూడటానికి కొన్నదే అనుకున్నాను. కంచె దాకా వెళ్ళి చూస్తే దాని అంచున సైకిలు చైను మరక ఉంది, నల్లగా, జానెడు. మినర్వా ఎంత రుద్దినా పోలేదు. శనివారం పొగమంచులో టైటస్ సైకిలు మీద బ్లూ బాల్ ఊరిదాకా వెళ్ళి ఎవరో జబ్బుపడ్డవాళ్ళను చూసి వచ్చాడని తర్వాత తెలిసింది.

బ్రాడీకి చెబితే ఎగిరి గంతేశాడు. “లుసెట్టా గారూ, వచ్చేస్తున్నా! ఆ దండెం ఒక్క ఫొటో చాలు, చొక్కాలు ఉప్పులా అమ్ముడుపోతాయి!”

“రావద్దు.”

“ముఖం లేదు కదండీ! మీరడిగినట్టే కదా!”

“అది అమ్మడానికి ఆరేసింది కాదు నాయనా. వాళ్ళ బట్టలు వాళ్ళు ఆరేసుకున్నారు. పేజీ ఉన్నదున్నట్టు ఉంచు. ఆ గుమ్మడికాయ ఒక్కటి మాత్రం తీసెయ్.”

మర్నాడు పొద్దున మళ్ళీ పొగమంచు. కాఫీ పోసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. రూతాన్ సైకిలు మా సందు దాటింది, మొక్కజొన్న చేను దాటింది. చేను అవతల నల్ల కోటు ఎప్పుడూ కనబడేది కాదు. ఈ రోజు పసుపు రంగు చిన్నదవుతూ, ఇంకా చిన్నదవుతూ, బడి మలుపు దాకా కనబడుతూనే ఉంది. దాని వెనక ఒక ట్రక్కు వచ్చింది. దూరం నుంచే వేగం తగ్గించి, రోడ్డు అటు పక్కకు జరిగి, నెమ్మదిగా దాటుకుని వెళ్ళింది.

నేను కుర్చీలో కూర్చుని కాఫీ తాగాను. బడి గంట ఇంకా మోగలేదు.